చేపలకు అమ్మవారు

ఆ ఇంటికి రెండు వాకిళ్లుండేవి. ఒకటి వీధివైపు పెద్ద వాకిలి. అలివేలు మామగారు వీరరాఘవరావు పడక్కుర్చీ వేసుకుని పేపరు చదివే ముందుగది గుండా పోవాలి. రెండోది ఉత్తరం గోడకు ఒక పక్కగా, గల్లీలోకి తెరుచుకునే చిన్న తలుపు. పెద్ద వాకిలి మగవాళ్లదీ, చుట్టాలదీ. చిన్న తలుపు అలివేలుది. కూరగాయల బండి వచ్చినా, ఎదురింటి సక్కుబాయితో రెండు మాటలు చెప్పుకోవాలన్నా, పురానాపూల్ స్టాపులో బస్సెక్కి సంతోష్‌నగర్‌లోని పుట్టింటికి పోయి రావాలన్నా ఆ తలుపే. అందులోంచి పోతే ఎవరికీ జవాబు చెప్పనక్కర్లేదు. పెద్ద వాకిలి గుండా పోతే ఎక్కడికి, ఎందుకు, ఎప్పుడొస్తవు అన్నవి దాటుకుని పోవాలి.

ఆ చిన్న తలుపుకు వాస్తు కుదరలేదు.

అలివేలు భర్త గోపాలకృష్ణకు ఆఫీసులో రావాల్సిన ప్రమోషన్ ఇంకెవరికో పోయింది. ఎందుకు పోయిందో ఆఫీసులో ప్యూనుకు కూడా తెలుసు, కానీ ఇంట్లోవాళ్లు మాత్రం సిద్ధాంతిని పిలిపించారు. ఆ రోజుల్లో పాతబస్తీలో వాస్తు చూపించుకోని ఇల్లు లేదు. పడగొట్టిన గోడలు కొన్నయితే, మూసిన తలుపులు మరికొన్ని. సిద్ధాంతిగారు దిక్సూచి అరచేతిలో పెట్టుకుని ఇల్లంతా తిరిగి, చిన్న తలుపు దగ్గర ఆగి, నాలుక చప్పరించాడు.

"ఉత్తర వాయవ్యం నడక. ఇంట్ల ఆడోళ్ల కాలు నిలవదు. మూసెయ్యిన్రి. ఉత్తరాన నీళ్లుంటే మస్తు మంచిది, అక్కడ్నే చేపల తొట్టి పెట్టిన్రి. ఎనిమిది ఎర్రవి, ఒకటి నల్లది. ఇంటి మీదికొచ్చే దిష్టంతా ఆ నల్లది మింగుతది."

ఇంకేముంది, మర్నాడే ట్రాలీ ఆటోలో గాజు తొట్టి దిగింది. తలుపుకు అడ్డంగా ఇనుప స్టాండు, దానిమీద తొట్టి, అడుగున రంగురాళ్లు, పైన బల్బున్న మూత. నల్లా నీళ్లు బకెట్లు బకెట్లు మోసి నింపింది అలివేలే. తన తలుపును తన చేత్తోనే మూసుకున్నానని ఆమెకు ఆఖరి బకెట్ పోశాక తెలిసింది. నీళ్లు నిండిన ఆ తొట్టి ఇక నలుగురు పట్టినా కదలదు.

సరిగ్గా ఆ నెలలోనే ఆమెకు ఉద్యోగం వచ్చింది. అలివేలు జువాలజీతో బి.ఎస్సీ. చదివింది. పెళ్లయ్యాక బి.ఎడ్. కూడా ముగించింది, ఆ చిన్న తలుపు గుండా పోయి వస్తూనే. సంతోష్‌నగర్‌లో ఒక హైస్కూలు వాళ్లు సైన్సు టీచరుగా రమ్మన్నారు. సంక్రాంతి సెలవులయి బడి తెరిచే రోజున చేరాలి, ఆ రోజు రాకపోతే ఇంకొకరిని తీసుకుంటాం అని ముందే చెప్పారు. గోపాలకృష్ణ మంచిదే అన్నాడు. అతను దేనికైనా మంచిదే అంటాడు. వీరరాఘవరావు చూద్దాం అన్నాడు. అత్తగారు శారదాంబ మాత్రం ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోతే దాని అర్థమేమిటో ఆ ఇంట్లో ఎవరూ ఆలోచించలేదు. ఆలోచించాల్సింది.

ఎందుకంటే ఆ ఇంటికి ఒక సేవ ఉంది. గల్లీ చివరి వేణుగోపాలస్వామి గుడికి మధ్యాహ్నం నైవేద్యం ఈ ఇంటి నుంచే పోవాలి. తాతల నాటి నుంచి వస్తున్న పని. పేరు మగవాళ్లది, చెయ్యి ఆడవాళ్లది. తడిబట్టతో మడి కట్టుకుని శారదాంబ ముప్ఫై ఏళ్లు పులిహోర కలిపింది. ఆవిడ మోకాళ్లు మొరాయించాక అలివేలు కలుపుతోంది.

తొట్టి వచ్చిన వారానికే ఒక ఎర్రచేప పక్కకు ఒరిగి తేలింది. వీరరాఘవరావు దాన్ని పసుపు గుడ్డలో చుట్టించి, మనకు రావాల్సింది అది తీసుకుపోయింది అని దండం పెట్టాడు. గోపాలకృష్ణ ఆఫీసుకు పోతూ పాతవంతెన మీద స్కూటరాపి మూసీలో వదిలాడు. లెక్క తప్పిన తొట్టి ఇంట్లో ఉండకూడదట. అందుకని దీపాల వేళకల్లా తొట్టి చేపలమ్మే అమరనాథ్ దుకాణం నుంచి కొత్తచేప కవర్లో వచ్చింది, వచ్చినది వచ్చినట్టే తొట్టిలో పడింది. దాని తోక మీద రెండు తెల్ల చుక్కలున్నాయి. అలివేలు చూసింది గానీ, చేపకు అదొక అందం కాబోలు అనుకుంది.

చలి ముదిరింది. మరికొద్ది రోజులకు తొట్టిలో చేపలన్నిటి మీదా ఉప్మారవ్వ చల్లినట్టు తెల్లటి గింజలు లేచాయి. చేపలు రెక్కలు ముడుచుకుని, ఒళ్లు దురదపెట్టినట్టు రాళ్లకేసి రుద్దుకుంటున్నాయి. ఇంకో రెండు ఎర్రవి చచ్చిపోయాయి. ఈసారి అలివేలుకు గుర్తొచ్చింది. ఇది పురుగు. ఆమె కాలేజీ రోజుల్లో బొమ్మ వేసి రంగులు కూడా దిద్దింది.

శారదాంబ కళ్లద్దాలు సవరించుకుని తొట్టిలోకి చాలాసేపు చూసింది. తర్వాత రెండు చెంపలూ మెల్లగా వేసుకుంది.

"అమ్మవారు పోసింది," అంది.

చేపలకు అమ్మవారు పొయ్యడం మీరు విన్నారో లేదో నాకు తెలియదు. అలివేలు అయితే వినలేదు. కానీ ఆ మాట పడ్డాక ఇల్లు ఇల్లంతా దాని చుట్టూ తిరిగింది. తొట్టి మూతకు నాలుగు పక్కలా వేపమండలు కట్టారు. నీళ్లలో చిటికెడు పసుపు పడింది. ఇంట్లో పోపు బంద్, మాడు వాసన రాకూడదు. ఉప్పూ కారం తగ్గించిన చప్పిడి కూడే అందరికీ. తల్లికి నీళ్లుపోసి సాగనంపేదాకా బయటివాళ్లు లోపలికి రావద్దు, లోపలివాళ్లు గడప దాటవద్దు, కొత్తపని మొదలుపెట్టవద్దు.

"మరి నైవేద్యం ఎట్ల అత్తమ్మా?" అని అడిగింది అలివేలు.

"స్వామికి అమ్మవారి మైల అంటదు. చెల్లెలే గదా ఆయనకు," అంది శారదాంబ, ఏమాత్రం తడుముకోకుండా. "పులిహోర ఎట్ల జేస్తున్నవో గట్లనే జెయ్యి. పోపు మాత్రం పెరట్ల పొయ్యి మీద పెట్టు."

వీరరాఘవరావు నైవేద్యం పట్టుకుని ఎప్పటిలాగే గుడికి పోయాడు, గోపాలకృష్ణ ఆఫీసుకు పోయాడు. మగవాళ్లకు పనులుంటాయి గదా. ఇంట్లో నలుగురుంటే, గడప దాటొద్దన్న నియమం దాటాలని ఉన్న ఒక్కదానికే తగిలింది.

బడి తెరిచే రోజు దగ్గరకొస్తోంది. అలివేలు వంటింట్లో నిలబడి లెక్క వేసుకుంది. చేపలు బాగుపడితే అమ్మవారు దిగినట్టు. అమ్మవారు దిగితే గడప దాటొచ్చు. అంటే ఆమె ఉద్యోగం ఇప్పుడు ఆ చేపల ఒంటిమీద ఉంది. చేపలకు మందు వెయ్యాలి.

ఆ పురుగు సంగతి కూడా చెప్పాలి, లేకపోతే కథ తెలియదు. అది చేప చర్మం కిందికి దూరి ముసుగుతన్ని కూర్చుంటుంది. అక్కడున్నంతసేపు ఏ మందూ దాన్ని ఏమీ చెయ్యలేదు. తిని బలిసి, చేపను వదిలి, అడుగున రాళ్ల సందుల్లోకి రాలుతుంది. అక్కడ ఒక్కటే వందలవుతుంది. ఆ వందలూ మళ్లీ చేపను వెతుక్కుంటూ పైకి ఈదుతాయి. అలా ఈదే కొద్ది గంటలే అవి మందుకు దొరికేది. నీళ్లు వెచ్చగా ఉంటే ఈ తతంగమంతా త్వరగా నడుస్తుంది, చల్లగా ఉంటే వారాలు పడుతుంది. అందుకే నీళ్లు వెచ్చబెట్టాలి, ఉప్పు వెయ్యాలి, అడుగు శుభ్రం చెయ్యాలి, కొత్తచేపను తేకూడదు. చుక్కలు పోయినా ఆపకూడదు.

ముందు గోపాలకృష్ణను అమరనాథ్ దగ్గరికి పంపింది. అతను నీలం మందు సీసా తెచ్చాడు.

"అమరనాథ్ భాయ్ అన్నడు, చలికాలం గిట్ల మస్తు వస్తయంట. ఫికర్ లేదు, రెండు చుక్కలు పోస్తే సాఫ్ అయితదంట," అన్నాడు.

శారదాంబ ఆ సీసాను కొడుకు చేతిలోంచి తీసుకుని, బీరువాలో పెట్టి తాళం వేసింది. "అమ్మవారికి మందా? ఏం మాటలురా అవి? కళ్లు పోతయి."

గోపాలకృష్ణ భార్యవైపు చూశాడు, తల్లివైపు చూశాడు, బూట్లు విప్పుకోవడానికి పోయాడు.

అప్పుడు అలివేలుకు ఒళ్లు మండింది. ఆ మంటలోనే ఒక ఉపాయం కూడా తట్టింది. సరే, అమ్మవారే అనుకుందాం. అమ్మవారి లెక్కలోనే నడుద్దాం.

ఆ సాయంత్రం దీపం పెట్టాక పిడికెడు కల్లుప్పు తీసుకుని తొట్టి ముందు నిలబడింది. పసిపిల్లలకు తీసినట్టు చేపలకు మూడుసార్లు తిప్పి దిష్టి తీసింది. ఆ ఉప్పు చెంబు నీళ్లలో వేసి, పూర్తిగా కరిగేదాకా చూసి, ఆ నీళ్లను మెల్లగా తొట్టిలో పోసింది.

శారదాంబ గోడ పట్టుకుని వచ్చింది. "దిష్టి నీళ్లు తొట్టిలనే పోస్తవేంది? ఎవరు తొక్కని జాగల పొయ్యాలె."

"చేపలు తొక్కయి గదా అత్తమ్మా. కాళ్లెక్కడివి వాటికి?"

శారదాంబ గోడ పట్టుకుని వెనక్కి పోయింది.

మర్నాడు గోపాలకృష్ణ అమరనాథ్ దగ్గర్నుంచి ఇంకో వస్తువు తెచ్చాడు. చెయ్యంత గాజు గొట్టం, నీళ్లలో పెట్టి ప్లగ్ గుచ్చితే నీళ్లు వెచ్చబడతాయి, పైకొసన చిన్న ఎర్రదీపం వెలుగుతుంది. అలివేలు దాన్ని తొట్టిలో పెట్టి, అమ్మవారి ముందు దీపం ఆరకూడదు గదా, ఇది అఖండ దీపం అంది. మామగారు ఆ ఎర్రదీపానికి కూడా దండం పెట్టాడు. చచ్చిన చేపల స్థానంలో కొత్తవి తెస్తానని గోపాలకృష్ణ అన్నప్పుడు, ఇంట్లో అమ్మవారుండగా బయటివాళ్లు లోపలికి రాకూడదని అలివేలే అత్తగారి మాటను అత్తగారికి వినిపించేలా అప్పజెప్పింది. రోజూ ప్లాస్టిక్ పైపుతో రాళ్ల అడుగు నీళ్లు పీల్చి బకెట్‌లోకి వదిలేది. అమ్మవారి ముందు అలుకు చల్లినట్టేనని చెప్పింది. పక్కతలుపు మూసేశారు గనుక ఆ బకెట్లన్నీ ఇల్లంతా మోసుకుని పెరట్లో మురుగు మోరీ దాకా పోవాల్సి వచ్చేది. భుజాలు పడిపోయేవి.

అయినా ఆ రోజుల్లో అలివేలు మనసులో నవ్వుకుంటూ తిరిగింది. ఉప్పు పడింది, వేడి పడింది, కొత్తచేపలు ఆగాయి. అన్నీ అత్తగారి నియమాల కిందే, అత్తగారి కళ్లముందే. తన తెలివికి తనే మురిసిపోయింది. ఆ మురిపెంలో, అమ్మవారు కాదు అనాల్సిన మనిషి రోజుకు నాలుగుసార్లు అమ్మవారు అమ్మవారు అంటోందని గమనించుకోలేదు. ఇంట్లో ఎవరికైనా కాస్తో కూస్తో అనుమానం ఉండి ఉంటే అది కూడా ఆమె నోటితోనే తీరిపోయింది.

చేపల్లో ఆమెకు ఆ నల్లదంటే ప్రాణం. తోక చివర చిరిగి ఉంటుంది. వేలు గాజుకు ఆనిస్తే అటు నుంచి వచ్చి మూతి ఆనిస్తుంది. వేలు కదిపితే వెంటే వస్తుంది, తొట్టి చివరిదాకా వచ్చి అక్కడ ఆగిపోయి గాజు మీదే మూతి పెట్టుకుని ఉంటుంది. ఆ గాజు వెనక మూసిన తలుపు, తలుపు వెనక గల్లీ. కూరగాయల బండివాడి అరుపు, సక్కుబాయి ఎవరితోనో నవ్వడం అన్నీ వినిపిస్తాయి. దిష్టి మింగి చావడానికని ముందే అనుకుని కొనుక్కొచ్చిన చేప అది. తననూ ఏ పనికో ముందే అనుకుని తెచ్చుకున్నారేమో అనిపించి ఒక మధ్యాహ్నం అలివేలుకు ఏడుపొచ్చింది. గుక్కపట్టి ఏడవడానికి కూడా ఆ ఇంట్లో తలుపున్న గది లేదు.

బడి తెరిచే ముందురోజు సాయంత్రం వీరరాఘవరావు గుడి నుంచి వస్తూనే తొట్టి దగ్గర ఆగాడు. వంగి చూశాడు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు.

"శారదా, ఇటు రా. చుక్కలు లేవు," అన్నాడు. "ఒక్కదాని మీద గూడ లేవు. తల్లి దిగింది. రేపు పొద్దున నీళ్లువోసి సాగనంపుదాం. నీళ్లన్ని మార్చి, గోపాలం తెచ్చే కొత్తచేపలు విడుద్దాం."

గోపాలకృష్ణ ముఖం వెలిగింది. "అయితె అలివేలు రేపు స్కూలుకు పోవచ్చు గద బాపూ?"

"ఎందుకు పోవద్దు? తల్లి దిగినంక ఏం అడ్డం?"

"ఇప్పుడే ఎట్ల దిగుతది?" అంది శారదాంబ. "సరిగ్గ చూసిన్రా?"

"అలివేలునే చూడమను. సదువుకున్న పిల్ల, కండ్లు మంచిగున్నయి. అలివేలూ, చూసి చెప్పు బిడ్డా. దిగిందా లేదా?"

ముగ్గురూ ఆమెవైపు తిరిగారు.

అలివేలు తొట్టి ముందు వంగింది. చేపల ఒళ్లు తళతళలాడుతున్నాయి. దిగింది అంటే చాలు. ఒక్క మాట. రేపు పొద్దున బస్సు, బడి, సుద్దముక్క, ఎదురుగా బెంచీల నిండా పిల్లలు. కానీ ఆమెకు తెలుసు. చుక్కలు పోలేదు, రాలాయి. ఇప్పుడు ఆ రంగురాళ్ల మధ్య ఒక్కొక్కటీ వందలవుతోంది. రేపు ఉప్పునీళ్లు పారబోసి, గొట్టం తీసేసి, చల్లటి నల్లా నీళ్లు నింపి, దుకాణం చేపలను వదిలితే ఆ వందలకూ పండగే. వారం తిరిగేసరికి ఒక్కటీ మిగలదు. మిగలకపోయినా అప్పటికి తను ఉద్యోగంలో చేరి ఉంటుంది. చేపలు చేపలే గదా.

నల్లది వచ్చి గాజుకు మూతి ఆనించింది.

"దిగలేదు మామయ్యా," అంది అలివేలు. "పైకి కనిపిస్తలేదు గానీ, కింద రాళ్లల్ల ఉన్నది. మళ్లొస్తది. దిష్టి, దీపం ఇంకా ఆపొద్దు."

"చూసిన్రా, నేన్ చెప్తనే ఉన్న, దిగలేదంట," అంది శారదాంబ.

అలివేలు తలెత్తి చూసింది. అమ్మవారు ఇంకా ఇంట్లోనే ఉందని వింటే ఎవరికైనా భయం వేస్తుంది. శారదాంబ ముఖంలో భయం లేదు. మోయలేని బరువేదో దించుకున్న మనిషి ముఖం అది. ఆవిడ వెంటనే కొంగుతో మూతి తుడుచుకుని వంటింట్లోకి పోయింది. ఆ ముఖం అలివేలు కళ్లముందు నుంచి పోలేదు.

పొద్దున్నే లేచి స్నానం చేసి మడి కట్టుకుంది. అన్నం వార్చింది, చింతపండు పులుసు ఉడికించింది, పెరట్లో పొయ్యి మీద నూనె పెట్టింది. ఆవాలు చిటపటమన్నాయి. ఎండుమిరపకాయ, ఇంగువ వాసన గుప్పున లేచింది. రోజులతరబడి చప్పిడి తిన్న నోరు ఊరింది. గరిటె చేతిలో పట్టుకుని ఆమె అట్లాగే నిలబడిపోయింది.

చిన్నప్పుడు తమ్ముడికి అమ్మవారు పోసినప్పుడు పుట్టింట్లో దేవుడి గది తలుపే తియ్యలేదు. నైవేద్యం కాదు గదా, దీపం కూడా పెట్టలేదు. వాళ్లది మామూలు ఇల్లు. ఈ ఇల్లు గుడి సేవ చేసే ఇల్లు. తడిబట్ట ఆరితే మళ్లీ నీళ్లు పోసుకునే శారదాంబ, ఎవరి నీడ పడ్డా అన్నం పక్కన పెట్టించే శారదాంబ, నిజంగా అమ్మవారే అని నమ్మితే ఈ ఇంటి నుంచి మెతుకు గుడికి పోనిస్తుందా?

ఆమె పోపు అన్నంలో వేసి కలిపింది. ఆకు కప్పింది. గిన్నె తెచ్చి పీట మీద కూర్చున్న అత్తగారి ముందు పెట్టింది.

"అత్తమ్మా, ఒక మాట అడుగుత. ఇంట్ల అమ్మవారుంటే నైవేద్యం పోతదా?"

"చెప్పిన గద. చెల్లెలు..."

"చెల్లెలైతె ఏంది? మీరు ఎంత మడి మనిషో నాకు తెల్వదా?"

శారదాంబ మోకాలి మీద చెయ్యి వేసి రుద్దుకుంటోంది.

"అది అమ్మవారు గాదు, పురుగు. నేను రోజూ తీసింది దిష్టి గాదు, మందు. మీకు అబద్ధం చెప్పిన," అంది అలివేలు.

"తెలుసు," అంది శారదాంబ మెల్లగా. "ఏ కోడలు దినాం చేపలకు దిష్టి తీస్తది? ఆ గొట్టం దీపమా? నేను అంత పిచ్చిదాన్నా?"

"మరి తెలిసి..."

"చేపలకు అమ్మవారేంది బిడ్డా. రోగమంటె నువ్వు పోతవు. అమ్మవారంటె ఉంటవు." ఆవిడ కోడలివైపు చూడలేదు, గిన్నెవైపు చూస్తూ చెప్పింది. "నువ్వు పోతే ఈ గిన్నె ఎవరెత్తుతరు? నేను కూసుంటె లేవలేను, లేస్తె కూసోలేను. ఆయనకు చెప్పుకుంటె సేవ వదులుకోమంటవా అని లొల్లి జేస్తడు. ముప్ఫై ఏండ్లు తప్పకుండ పంపిన. నా చేతుల మీద ఆగిపోతదని భయమయింది."

"నన్ను అడగచ్చు గదా."

"అడిగితె ఉంటవా?"

అలివేలు ఆలోచించింది. అబద్ధాలు చాలనిపించింది. "ఉండను," అంది.

"అందుకే అడగలే."

అలివేలుకు కోపం వచ్చింది, జాలి వచ్చింది, మళ్లీ కోపమే గెలిచింది. ఇన్ని రోజులు తను వంటింట్లో ముసిముసిగా నవ్వుకుంటుంటే, ఈవిడ పీట మీద కూర్చుని తనను చూసి ఊరుకుంది. ఒకే తొట్టి ముందు నిలబడి ఇద్దరూ ఒకరికొకరు అమ్మవారిని చూపించుకున్నారు. మధ్యలో చచ్చింది చేపలు.

"నేను పొద్దున్నే లేచి కలిపి పోత. పులిహోర చల్లారితెనే రుచి. మధ్యాహ్నం దాకా చెడిపోదు. మామయ్య వచ్చి గిన్నె ఎత్తుకపోతడు, ఆయనకు మోకాళ్లు మంచిగనే ఉన్నయి," అంది. "ఇప్పుడు మీరే అన్నరు, అమ్మవారు గాదని. ఇగ గడప దాటొచ్చు గదా."

శారదాంబ గిన్నె మీద ఆకు సర్దింది.

అలివేలు మడిబట్ట విప్పి చీర మార్చుకుంది. జడ వేసుకుంది. తొట్టి దగ్గరికి పోయి, కల్లుప్పు డబ్బా, చెంబు స్టాండు పక్కన కనిపించేలా పెట్టింది. ఎర్రదీపం వెలుగుతోంది. నల్లచేప వచ్చింది. సాయంత్రం పూట ఈ ఉప్పు పడకపోతే ఇన్ని రోజుల పనీ నీళ్లపాలు. బడి నుంచి మొదటిరోజు ఎంతకు వస్తుందో తనకే తెలియదు. అయినా ఎవరికీ ఏమీ చెప్పాలనిపించలేదు. సంచి భుజానికి వేసుకుని ముందుగదిలోకి వచ్చింది.

వీరరాఘవరావు పేపరు దించాడు. వంటింటి మాటలు ఆయనకు వినిపించి ఉంటాయి, గోడలు పలచన. ఎక్కడికి అని అడగలేదు. ఎందుకు అని కూడా అడగలేదు. చెప్పులు వేసుకుని అలివేలు ఒక కాలు గడప బయట పెట్టింది.

"అలివేలూ."

శారదాంబ గొంతు. వెనక నుంచి.

ఆ ఇంట్లో ఆ సంగతి తెలియని వాళ్లు లేరు. బయల్దేరిన మనిషిని వెనక నుంచి పిలవకూడదు. పిలిస్తే పని చెడుతుంది. వెనక్కి వచ్చి, కూర్చుని, మంచినీళ్లు తాగి మళ్లీ బయల్దేరాలి. ఆ కూర్చోవడంలో బస్సు పోతుంది, బస్సు పోతే వేళ పోతుంది, వేళ పోతే రేపు చూద్దాం అంటారు. గోపాలకృష్ణ ప్రమోషన్ ఇంటర్వ్యూ నాడు ఎవరో పిలిచారని అరగంట కూర్చోబెట్టిన ఇల్లు ఇది. ముప్ఫై ఏళ్లలో ఒక్కసారి కూడా ఎవరినీ వెనక నుంచి పిలవని శారదాంబ ఇప్పుడు పిలిచింది.

"పిలిచినంక కూసొని పోవాలె బిడ్డా," అన్నాడు వీరరాఘవరావు మొహమాటంగా.

గడపకు అటో కాలు, ఇటో కాలు. ఇంట్లో ఉన్న కాలు రాయి అయిపోయినట్టుంది. ఇది ఆఖరి తాళం అనుకుంది అలివేలు. అన్నీ తీసుకుంటూ వచ్చి ఇక్కడ దొరికిపోయాను అనుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. వెనక్కి తిరిగితే అయిపోతుంది. తిరగలేదు, అడుగూ వెయ్యలేదు. గల్లీ మొగలో బస్సు హారను వినిపించింది.

లోపల డబ్బా మూత తెరిచిన చప్పుడయింది. కల్లుప్పులో చెయ్యి పెట్టిన గరగర వినిపించింది.

"సాయంత్రం ఒక పిడికెడా, రెండా?" అంది శారదాంబ.

అలివేలు చీరకొంగుతో కళ్లు తుడుచుకుంది.

"ఒక్కటే అత్తమ్మా. కరిగినంకనే పొయ్యిన్రి," అంది వెనక్కి తిరగకుండానే, రెండో కాలు కూడా గడప దాటిస్తూ.